వాతావరణ పొరలు బట్టీ పట్టొద్దు, వేడి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

పాకాల నుంచి గ్రూప్స్‌కి చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "వాతావరణ పొరల పట్టిక ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్ష హాల్లోకి వెళ్ళేసరికి తారుమారవుతోంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుందని తిరుమల ఎక్కితేనే తెలుస్తుంది. మరి ఇంకా పైకి పోతే మళ్ళీ వేడెక్కడం ఏమిటి? థర్మో ఆవరణంలో 1500 డిగ్రీలు ఉంటే శ్రీహరికోట నుంచి వెళ్ళే రాకెట్ కాలిపోదా? ఐనో ఆవరణం పొరల లెక్కలోకి వస్తుందా, రాదా?"

అమ్మా, మీరు అడిగిన మూడూ మంచి సందేహాలే. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి నేను. ఈ పాఠం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారో బాగా చూశాను. పట్టికలో అయిదు పేర్లు, అయిదు ఎత్తులు, అయిదు ఉష్ణోగ్రతలు ఉంటాయి. వాటిని కలిపే దారం ఆ పట్టికలో ఉండదు. అందుకే ఒకటి మర్చిపోతే మిగతావి కూడా కదిలిపోతాయి. ఆ దారం ఒకే ఒక ప్రశ్న: ఈ ఎత్తులో ఉన్న గాలికి వేడి ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు మారిన ప్రతిచోటా పొర మారుతుంది. అంతకు మించి రహస్యం ఏమీ లేదు.

ముందు కింది పొర, ట్రోపో ఆవరణం. ఎండ గాలిలోంచి చాలావరకు దాటుకుని వచ్చేస్తుంది. దాన్ని పట్టుకునేది నేల. మే నెలలో శేషాచలం బండలూ తారు రోడ్లూ ఎలా కాలుతాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ నేల తన మీది గాలిని వేడి చేస్తుంది. అంటే ఈ పొరకు పొయ్యి కింద ఉంది. పొయ్యికి దూరం జరిగేకొద్దీ చల్లబడుతుంది. దీనికి ఇంకో కారణం కూడా తోడవుతుంది, చాలామంది ఇది వదిలేస్తారు. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి తన లోపలి శక్తినే ఖర్చు పెడుతుంది, అందుకే చల్లబడుతుంది. పొడిగాలి అయితే కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీలు తగ్గుతుంది. తేమ ఉన్న గాలిలో ఆవిరి నీటి బొట్లుగా మారేటప్పుడు కొంత వేడి విడుదలవుతుంది కాబట్టి తగ్గుదల అంత ఉండదు. మొత్తం మీద సగటు కిలోమీటరుకు 6.5 డిగ్రీలు. మన పాఠ్యపుస్తకాల్లో 165 మీటర్లకు 1 డిగ్రీ అని కూడా కనిపిస్తుంది. రెండూ ఇంచుమించు ఒకే మాట. ఆప్షన్లలో ఏది ఇచ్చారో చూసి దాన్ని పెట్టండి.

తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుమల సుమారు 850 మీటర్లలో. తేడా 700 మీటర్లకు దగ్గర. అంటే కొండ మీద నాలుగైదు డిగ్రీలు తగ్గాలి, తగ్గుతుంది కూడా. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,260 మీటర్ల పైచిలుకు. అక్కడ ఇంకాస్త చలి. కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి వేడి పెరగాలి కదా అని చిన్న పిల్లలు అడుగుతారు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో ఒక కిలోమీటరు లెక్కలోకి రాదు. నేలకు, గాలి దట్టంగా ఉండే చోటుకు దూరం జరగడమే లెక్కలోకి వస్తుంది. తిరుమలలో గాలి పీడనం కింద తిరుపతిలో కంటే సుమారు 8 శాతం తక్కువ. ఎత్తు ఇంచుమించు అయిదున్నర కిలోమీటర్లు పెరిగిన ప్రతిసారీ పీడనం సగానికి పడిపోతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే వాతావరణంలోని గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా ట్రోపో ఆవరణంలోనే ఎందుకు ఉందో, 99 శాతం దాదాపు 32 కిలోమీటర్ల లోపే ఎందుకు ఉందో మీరే లెక్కవేసి చెప్పగలరు. నీటి ఆవిరి అయితే దాదాపు అంతా ఈ పొరలోనే. కాబట్టి మేఘం, వాన, పిడుగు, వడగండ్లు, మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుఫాన్లు, అన్నీ ఇక్కడే.

కింద వేడి, పైన చల్లదనం ఉంటే గాలి స్థిమితంగా ఉండలేదు. కింది తేలిక గాలి పైకి, పైది కిందికి కలియబెట్టుకుంటూనే ఉంటుంది. దీన్ని గట్టిగా మనసులో పెట్టుకోండి, తర్వాతి పొరలో ఇదే తిరగబడుతుంది. మన దగ్గర కూడా చలికాలం తెల్లవారుజామున కాసేపు తిరగబడుతుంది. కొండల మధ్య నేల రాత్రంతా చల్లబడి తన మీది గాలిని చల్లబరుస్తుంది. పై గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. చల్లటి బరువు గాలి కిందే ఉండిపోతుంది కాబట్టి చెత్త తగలబెట్టిన పొగ పైకి పోకుండా వీధుల్లోనే పరుచుకుంటుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఎండెక్కాక అది చెదిరిపోతుంది.

ఇప్పుడు ట్రోపో ఆవరణం పైకప్పు, అంటే ట్రోపోపాజ్. పరీక్షల్లో ఎక్కువమంది పోగొట్టుకునే మార్కు ఇక్కడే ఉంది. ధ్రువాల దగ్గర ఇది 8 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మన తిరుపతి మీద 16, 17 కిలోమీటర్ల దాకా పోతుంది. ఉష్ణమండలంలో నేల బాగా కాలుతుంది, తేమ ఎక్కువ, గాలి బలంగా పైకి తన్నుకుపోతుంది, అందుకే ఈ పొర మందంగా ఉంటుంది. అంత ఎత్తు దాకా చల్లబడుతూ పోవడం వల్ల మన నెత్తి మీది ట్రోపోపాజ్ దగ్గర మైనస్ 80 డిగ్రీల దాకా ఉంటుంది. ధ్రువాల మీది ట్రోపోపాజ్ దగ్గర మైనస్ 50, 55 దగ్గరే ఆగిపోతుంది. అంటే 17 కిలోమీటర్ల ఎత్తులో చూస్తే ధ్రువాల మీది గాలి కంటే మన మీది గాలే ఎక్కువ చల్లన! "ట్రోపోపాజ్ దగ్గర అతి తక్కువ ఉష్ణోగ్రత భూమధ్యరేఖ మీదా, ధ్రువాల మీదా?" అని ప్రశ్న వస్తే చెయ్యి దానంతటదే ధ్రువాల వైపు పోతుంది. జవాబు భూమధ్యరేఖ. ఉష్ణమండలం మీద పై గాలి ఇంత చల్లగా ఉంటుందని బెలూన్ల కొలతలను ఆధారం చేసుకుని 1929లో వివరించినవారిలో మన దేశపు శాస్త్రవేత్త కె. ఆర్. రామనాథన్ ఒకరు.

అసలు ఈ పొరలు ఉన్నాయని తెలిసిందే బెలూన్ల వల్ల. ఫ్రాన్సులో లియోన్ తెస్రాంక్ ద బోర్ వందలాది బెలూన్లకు ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు కట్టి వదిలాడు. ఒక ఎత్తు దాటాక చల్లబడటం ఆగిపోతోందని గమనించాడు. మొదట్లో ఎండ వల్ల పరికరం తప్పు చూపిస్తోందేమో అనే అనుమానంతో రాత్రిపూట కూడా వదిలి చూశాడు. అయినా అదే ఫలితం. 1902లో ప్రకటించాడు. అదే ఏడాది జర్మనీలో రిచర్డ్ అస్మాన్ కూడా విడిగా ఇదే చెప్పాడు. ట్రోపో ఆవరణం, స్ట్రాటో ఆవరణం అనే పేర్లు తెస్రాంక్ ద బోర్ పెట్టినవే. ఇలాంటి బెలూన్లు ఇవాళ మీ పాకాల మండలంలోని గాదంకి నుంచి ఎగురుతున్నాయి. అక్కడున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల గురించి కాస్త ఆగి చెబుతాను.

ఈ ఎత్తుల గొడవ వల్ల పుస్తకాల్లోని ఒక వాక్యం మన ప్రాంతానికి సరిపోదు. "జెట్ విమానాలు స్ట్రాటో ఆవరణంలో ఎగురుతాయి" అని చదువుతాం. ప్రయాణికుల విమానాలు 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పోతాయి. యూరప్ ఉత్తర భాగం మీదో ధ్రువాల వైపో అయితే అది నిజంగానే స్ట్రాటో ఆవరణం కావచ్చు. మన మీద ట్రోపోపాజ్ 16, 17 కిలోమీటర్లు కాబట్టి చెన్నై నుంచి ఢిల్లీ పోయే విమానం ఎంత ఎత్తుకు పోయినా ట్రోపో ఆవరణంలోనే ఉంటుంది. వేసవి సాయంత్రాల్లో ఇక్కడ లేచే క్యుములోనింబస్ మేఘాలు, అంటే పిడుగుల మేఘాలు, విమానాల ఎత్తును కూడా దాటి పైకి పోతాయి, పైలట్లు వాటిని చుట్టుకుని పోవాల్సి వస్తుంది. అయితే పరీక్షలో ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకం ఏం చెబితే అదే పెట్టండి, మార్కు ముఖ్యం. నిజం ఏమిటో మాత్రం తెలిసి ఉండాలి.

నైరుతి రుతుపవనాల కాలంలో మన మీద, దాదాపు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు ఒక గాలి ప్రవాహం గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగంతో పోతూ ఉంటుంది. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీన్ని 1950లలో ప్రపంచానికి వివరించినవారు భారత వాతావరణ శాఖలో పనిచేసి, తర్వాత దానికి అధిపతి అయిన పి. కోటేశ్వరం గారు. రుతుపవనాల మీద ప్రశ్నలు వచ్చే పరీక్షల్లో ఈ పేరు అడుగుతారు, రాసి పెట్టుకోండి.

ఇక స్ట్రాటో ఆవరణం. 17 నుంచి దాదాపు 50 కిలోమీటర్ల దాకా. ఇక్కడ పైకి పోయేకొద్దీ వేడెక్కుతుంది. మన ప్రశ్నే మళ్ళీ వేద్దాం: వేడి ఎక్కడి నుంచి? ఇక్కడ నేల ప్రభావం అందదు. ఓజోన్ వల్ల వస్తుంది. అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా విడగొడతాయి. ఒక్కో పరమాణువు ఇంకో ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ మళ్ళీ అతినీలలోహిత కిరణాన్ని పీల్చుకుని విడిపోతుంది, మళ్ళీ కలుస్తుంది. ఈ ప్రక్రియలో కిరణాల శక్తి గాలికి వేడిగా అందుతుంది. 1930లో సిడ్నీ చాప్‌మన్ ఈ చక్రాన్ని వివరించాడు. అంటే ఈ పొరకు పొయ్యి పైన ఉంది.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక సందేహం అడుగుతారు. ఓజోన్ ఎక్కువగా ఉండేది 20 నుంచి 30 కిలోమీటర్ల మధ్య కదా, మరి ఉష్ణోగ్రత 50 కిలోమీటర్ల దగ్గర ఎందుకు గరిష్ఠం? సూర్యుడి కిరణాలు పై నుంచి వస్తాయి కాబట్టి అతినీలలోహితంలో ఎక్కువ భాగం పైనున్న కొద్దిపాటి ఓజోనే ముందు పీల్చేసుకుంటుంది. పైగా అక్కడ గాలి నేల మీదున్న దానిలో దాదాపు వెయ్యో వంతు. కొద్ది గాలికి చాలా శక్తి అందితే ఉష్ణోగ్రత ఎక్కువ పెరుగుతుంది. అందుకే మైనస్ 80 నుంచి మొదలై 50 కిలోమీటర్ల దగ్గర సున్నా డిగ్రీల దాకా వస్తుంది.

పైన వెచ్చన, కింద చల్లన. చలికాలం పొద్దున మన ఊళ్ళో కాసేపు ఉండే విలోమం అక్కడ ఎప్పటికీ ఉంటుంది. కాబట్టి గాలి నిలువుగా కలవదు. పిడుగుల మేఘం పైకి లేచి లేచి ట్రోపోపాజ్ తగలగానే పక్కలకు పరుచుకుపోవడానికి కారణం ఇదే. దూరం నుంచి చూస్తే మేఘం తల కోసినట్టు చదునుగా కనిపించేది ఆ గీతే. అక్కడికి చేరిన ధూళి కూడా త్వరగా కిందికి రాదు, కడిగేయడానికి అక్కడ వాన లేదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ స్ట్రాటో ఆవరణంలోకి చేరి, సన్నటి సల్ఫేట్ కణాలుగా మారి, ప్రపంచమంతా పరుచుకుంది. భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది, ఆ ప్రభావం ఒకటి రెండేళ్ళు నిలిచింది. 2022 జనవరిలో పసిఫిక్‌లోని హుంగా టోంగా పేలినప్పుడు ఆ పొగ స్ట్రాటో ఆవరణాన్ని కూడా దాటి 57 కిలోమీటర్ల దాకా, అంటే దాని పైనున్న మీసో ఆవరణంలోకి పోయింది.

సీఎఫ్‌సీలు, అంటే పాత ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు, ఓజోన్‌ను ఎందుకు అంత దెబ్బతీశాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అవి కింద దేనితోనూ చర్య జరపవు, వానకు కరగవు. మెల్లగా స్ట్రాటో ఆవరణం చేరి, అక్కడ అతినీలలోహితానికి విడిపోయి క్లోరిన్ వదులుతాయి. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను విడగొట్టగలదు. అంటార్కిటికా మీద ఓజోన్ తరిగిపోతోందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ప్రకటించారు. సీఎఫ్‌సీల వాడకాన్ని తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఓజోన్‌ను కొలిచేది డాబ్సన్ యూనిట్లలో. 300 డాబ్సన్ యూనిట్లు అంటే ఆ ఓజోన్ మొత్తాన్ని నేల దగ్గరి పీడనంలో, సున్నా డిగ్రీల దగ్గర పోగు చేస్తే 3 మిల్లీమీటర్ల మందం. మన ప్రాణాలను కాపాడుతున్నది ఆ 3 మిల్లీమీటర్లు.

ఇంకో సంగతి, దీన్ని వదలకుండా చెప్పాలి. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగితే ట్రోపో ఆవరణం వేడెక్కుతుంది, స్ట్రాటో ఆవరణం చల్లబడుతుంది. పైన గాలి పలచన కాబట్టి ఆ వాయువు వదిలే వేడి అంతరిక్షంలోకి పోతుంది. స్యుకురో మనాబే 1967లోనే లెక్కగట్టి ఇలా జరుగుతుందని చెప్పాడు, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. తర్వాత కొలతల్లో అలాగే జరుగుతోందని తేలింది. "భూమి వేడెక్కడానికి సూర్యుడే కారణం" అని ఎవరైనా వాదిస్తే ఈ ఒక్క మాట చెప్పండి: సూర్యుడి వల్ల అయితే రెండు పొరలూ వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతూ పై పొర చల్లబడుతోంది.

50 కిలోమీటర్లు దాటాక మీసో ఆవరణం. ఇక్కడ వేడి ఎక్కడి నుంచి వస్తోంది? చెప్పుకోదగ్గ చోటేదీ లేదు. నేల దూరం, ఓజోన్ చాలా తక్కువ. ఉన్న కాస్త వేడినీ బొగ్గుపులుసు వాయువు బయటికి పంపేస్తుంది. అందుకే 85 కిలోమీటర్లు వచ్చేసరికి మైనస్ 90 దాకా పడిపోతుంది. ధ్రువాల మీద వేసవిలో ఇంకా చాలా తగ్గుతుంది. "వాతావరణంలో అత్యంత చల్లని చోటు" అంటే మీసోపాజ్, ఈ పొర పైకప్పు. ఉల్కలు కాలిపోయేది ఈ పొరలో అని రాయండి. కచ్చితంగా చెప్పాలంటే ఎక్కువ ఉల్కలు 80 నుంచి 110 కిలోమీటర్ల మధ్య, అంటే ఈ పొర పై అంచునా దాని మీదా మండుతాయి. అలా కాలిన ఉల్కల నుంచి వచ్చిన సోడియం పరమాణువులు 90 కిలోమీటర్ల చుట్టుపక్కల ఒక పలచని పొరగా ఉంటాయి.

మీసో ఆవరణాన్ని కొలవడం చాలా కష్టం. బెలూన్ 30, 35 కిలోమీటర్ల దగ్గర పగిలిపోతుంది. ఉపగ్రహం అంత కింద తిరగలేదు, గాలి రాపిడికి పడిపోతుంది. చిన్న పరిశోధన రాకెట్లు కొన్ని నిమిషాల పాటు దాన్ని దాటిపోతాయి. నేల మీద కూర్చుని రోజుల తరబడి చూడాలంటే రాడారో లేజరో కావాలి. అందుకే గాదంకిలో ఎం.ఎస్.టి. రాడార్ కట్టారు. ఆ మూడు అక్షరాలూ మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాల పేర్లే. చుట్టూ కొండలుండటం వల్ల బయటి రేడియో గోల తక్కువ. 1992లో జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ సంస్థగా మొదలై 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. అంతరిక్ష విభాగం కింద నడుస్తోంది. 1,024 యాగి యాంటెన్నాలను 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పున్న మైదానంలో నిలబెట్టారు. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపితే, పైనున్న గాలిలోని సుడుల నుంచి అతి బలహీనమైన ప్రతిధ్వని వస్తుంది. దాన్నిబట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో లెక్కగడతారు. 20, 25 కిలోమీటర్ల దాకా ఇలా కనిపిస్తుంది. తర్వాత ఖాళీ. మళ్ళీ 65 నుంచి 85 కిలోమీటర్ల మధ్య, అదీ పగటిపూట కనిపిస్తుంది. పగలు అక్కడ ఎండకు ఎలక్ట్రాన్లు విడివడతాయి, అవే రాడార్‌కు ఆసరా. మధ్యలోని ఖాళీని లైడార్ పూరిస్తుంది. రాత్రివేళ ఆకుపచ్చ లేజర్ కాంతిని నిలువుగా పంపి, వెనక్కి చెదిరి వచ్చిన కాంతిని బట్టి 30 నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉష్ణోగ్రత కడతారు. ఇందాక చెప్పిన సోడియం పొరను చూడటానికి వేరే లైడార్ కూడా అక్కడ వాడారు. ప్రపంచంలో ఉష్ణమండలం మీద ఇన్ని పొరలను ఒకేచోటి నుంచి చూసే కేంద్రాలు చాలా కొద్ది. మన జిల్లా పిల్లలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

85 కిలోమీటర్లు దాటితే థర్మో ఆవరణం. మీ రెండో సందేహం దీని మీదే. ఇక్కడ పొయ్యి మళ్ళీ పైన ఉంది: సూర్యుడి నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు, అతి తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు. ఓజోన్ వీటిని చూసే అవకాశమే లేదు, ఇక్కడి ఆక్సిజన్, నైట్రోజన్ ముందే పీల్చేసుకుంటాయి. సూర్యుడు నిదానంగా ఉన్నప్పుడు 500, 700 డిగ్రీలు, చురుగ్గా ఉన్నప్పుడు 1500, ఒక్కోసారి 2000 కూడా. అయినా ఏదీ కాలిపోదు. ఉష్ణోగ్రత అంటే ఒక్కో కణం ఎంత వేగంగా కదులుతోందన్న లెక్క. వేడి అంటే ఆ కణాలన్నీ కలిసి మనకు ఇచ్చే శక్తి. దీపావళికి కాకరపువ్వొత్తి కాల్చినప్పుడు ఎగిరే రవ్వలు వెయ్యి డిగ్రీల దాకా ఉంటాయి, చేతి మీద పడితే చురుక్కుమంటాయి తప్ప చెయ్యి కాలదు, రవ్వలో పదార్థం అంత తక్కువ. థర్మో ఆవరణంలో గాలి అంతకంటే ఎన్నో రెట్లు పలచన. మామూలు థర్మామీటర్ అక్కడ పెడితే, నీడలో ఉంటే, సున్నా కంటే చాలా కింద చూపిస్తుంది. గాలి ఇచ్చే వేడి కంటే అది తాను పోగొట్టుకునే వేడే ఎక్కువ.

రాకెట్‌కు వేడి ప్రమాదం అసలు కిందే ఉంది. శ్రీహరికోటలో లేచిన రాకెట్ మొదటి ఒకటి రెండు నిమిషాల్లో దట్టమైన గాలిని చీల్చుకుని పోతుంది, ఆ రాపిడి నుంచి ఉపగ్రహాన్ని కాపాడటానికే ముందు భాగంలో హీట్ షీల్డ్ ఉంటుంది. 110, 120 కిలోమీటర్ల ఎత్తు దగ్గర దాన్ని విడిచేస్తారు. అంటే పట్టికలో "అత్యంత వేడి పొర" అని రాసుకున్న చోటుకు చేరాకే వేడి కవచం అక్కర్లేదని తీసేస్తున్నారు! తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే, సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో వచ్చే నౌక కిందికి దిగి గాలి చిక్కబడ్డాకే మండుతుంది.

ఈ పలచని గాలి ఏమీ చేయలేదని మాత్రం అనుకోవద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని తెలుగు పల్లెల్లో ఎంత టెన్షన్ పడ్డారో చెబుతారు. చచ్చిపోతామని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళున్నారు, పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టినవాళ్ళున్నారు. అది అనుకున్న దానికంటే ముందే ఎందుకు పడింది? ఆ ఏళ్ళలో సూర్యుడు ఊహించిన దానికంటే చురుగ్గా ఉన్నాడు. థర్మో ఆవరణం వేడెక్కి ఉబ్బింది, ఆ ఎత్తులో గాలి చిక్కబడింది, స్కైలాబ్ వేగం తగ్గి కిందికి జారింది. జూలై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలు పడ్డాయి. 2022 ఫిబ్రవరిలో ఒక సౌర తుఫాను తర్వాత అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 ఇలాగే పడిపోయాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో ఈ పొరలోనే తిరుగుతోంది, అందుకే దాన్ని అప్పుడప్పుడు ఇంజిన్లతో పైకి నెట్టాల్సి వస్తుంది.

అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందన్నది కూడా అడుగుతారు. 100 కిలోమీటర్ల దగ్గరి కార్మన్ రేఖను ఎక్కువగా హద్దుగా తీసుకుంటారు, అమెరికాలో 80 కిలోమీటర్లు లెక్క. గుర్తుపెట్టుకోవడానికి మన తెలుగువాళ్ళే ఇద్దరున్నారు. శిరీష బండ్ల 2021 జూలైలో సుమారు 86 కిలోమీటర్ల దాకా, అంటే మీసో ఆవరణం పై అంచు దాకా వెళ్ళారు. తోటకూర గోపీచంద్ 2024 మేలో 100 దాటి థర్మో ఆవరణంలోకి వెళ్ళి వచ్చారు.

ఎక్సో ఆవరణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఎక్కడో మొదలవుతుంది, సూర్యుడి చురుకును బట్టి ఆ హద్దు మారుతుంది. హైడ్రోజన్, హీలియం ఉంటాయి. కణాలు ఒకదానికొకటి తగలకుండానే చాలా దూరం పోతాయి, వేగం చాలినవి భూమిని వదిలి వెళ్ళిపోతాయి. ఈ హైడ్రోజన్ పలచని ఛాయ చంద్రుడిని కూడా దాటి విస్తరించి ఉందని సూర్యుణ్ణి పరిశీలించే సోహో నౌక కొలతలను బట్టి 2019లో చెప్పారు. పుస్తకంలో 10,000 కిలోమీటర్లు అని ఉంటే అది సౌకర్యం కోసం గీసిన గీత.

చివరిగా ఐనో ఆవరణం. ఇది పై అయిదింటితో కలిపి లెక్కపెట్టే ఆరో పొర కాదు. ఒకే వాతావరణాన్ని మూడు రకాలుగా విడగొట్టవచ్చు. ఉష్ణోగ్రతను బట్టి అయిదు పొరలు, ఇప్పటిదాకా చెప్పుకున్నవి. వాయువుల కలయికను బట్టి రెండు: సుమారు 100 కిలోమీటర్ల దాకా నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం నిష్పత్తి మారని హోమో ఆవరణం, దాని పైన బరువును బట్టి వాయువులు వేరుపడే హెటిరో ఆవరణం. విద్యుదావేశాన్ని బట్టి చూస్తే, సూర్యకిరణాలకు ఎలక్ట్రాన్లు విడివడి ఉండే భాగం ఐనో ఆవరణం. ఇది 60 కిలోమీటర్ల దగ్గర మొదలై మీసో ఆవరణంలోనూ, థర్మో ఆవరణంలోనూ, దాని పైనా పరుచుకుని ఉంటుంది. డి, ఇ, ఎఫ్ అని భాగాలు. 1924లో ఎడ్వర్డ్ యాపిల్‌టన్ రేడియో తరంగాలతో ప్రయోగం చేసి దీన్ని నిరూపించాడు, 1947లో నోబెల్ వచ్చింది.

డి భాగం పగలే ఉంటుంది, మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. సూర్యుడు పోయాక అది మాయమవుతుంది కాబట్టి రాత్రిపూట దూరపు స్టేషన్లు రేడియోలో తగులుతాయి. ఒకప్పుడు కొలంబో నుంచి షార్ట్‌వేవ్‌లో వచ్చిన తెలుగు పాటలు ఎఫ్ భాగం మీద తగిలి కిందికి వంగి మన ఇళ్ళకు చేరినవే. మన ప్రాంతం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడం వల్ల సూర్యాస్తమయం తర్వాత కొన్ని రాత్రులు ఎఫ్ భాగంలో ఎలక్ట్రాన్లు తగ్గిపోయిన బుడగలు లేస్తాయి, జీపీఎస్ సంకేతాలు వాటి గుండా వచ్చేటప్పుడు మిణుకుతాయి. గాదంకి రాడార్ చూసేవాటిలో ఇవి కూడా ఉన్నాయి.

పరీక్షలో "ఉష్ణోగ్రత ఆధారంగా ఏర్పడని పొర ఏది" అంటే ఐనో ఆవరణం పెట్టండి. "రేడియో తరంగాలను పరావర్తనం చేసే పొర" అంటే కూడా అదే. ఆప్షన్లలో ఐనో ఆవరణం లేకుండా థర్మో ఆవరణం మాత్రమే ఇస్తే నిస్సంకోచంగా థర్మో ఆవరణం పెట్టేయండి, ఐనో ఆవరణంలో ఎక్కువ భాగం దానిలోనే ఉంది.